మఫ్టీ పోలీసును చూసి నవ్వే ముందు

ఆర్మూరు పక్కన కల్లాల్లో పెద్దోళ్లు పసుపు కొమ్ములు ఉడకబెడుతుంటే, చెట్టు కింద పిల్లలు ఫోన్‌లో పోలీసు కార్టూన్లు చూస్తుంటరు. 2018లో వచ్చిన ‘లిటిల్ సింగం’లో మిర్చీనగర్‌ను కాపాడేది ఓ పోలీసు పిల్లగాడే. ఇసొంటి కామెడీల్లో పోలీసు మారువేషమేస్తే పెట్టుడు మీసం ఊడుతది, దొంగ దొరుకుతడు. పిల్లలు కదా, నవ్వనీయండి.

మన గూడేల్లో మాత్రం మఫ్టీలో వచ్చినోని పేరు ఎవరికీ తెల్వదు. మనిషిని పట్టుకపోయినంక ఏ స్టేషన్‌కు పోయి అడగాలె? 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: అరెస్టు చేసేటోళ్లకు పేరు, హోదా కనబడే బ్యాడ్జి ఉండాలె. అరెస్టు మెమో అప్పుడే రాయాలె, ఇంటోళ్లో ఊరి పెద్దమనిషో సాక్షి సంతకం చెయ్యాలె. ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 36వ సెక్షన్‌లోనూ ఈ మాటే ఉంది. మఫ్టీ అయితే అక్కర్లేదని అందులో ఎక్కడా లేదు.

వాకపల్లి యాదికుందా? 2007 ఆగస్టు 20న కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేసిన్రని 11 మంది కోందు ఆడబిడ్డలు చెప్పిన్రు. 2023లో కోర్టు దర్యాప్తు సరిగ్గా జరగలేదంటూ నిందితులను విడిచిపెట్టింది, ఆ ఆడబిడ్డలకు పరిహారం ఇమ్మన్నది. ఏ బలగమో తెలిసిన కేసే ఇట్లయితే, లుంగీ కట్టుకొని వచ్చినోని కేసు ఎట్ల నిలబడతది?

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మఫ్టీలో ఎవరన్నా గడప తొక్కితే మర్యాదగనే అడగండి: “సార్, మీ ఐడీ కార్డు చూపించుండ్రి. మెమో మీద మా అమ్మ సంతకం పెడ్తది.”