ఇంజను స్లోలో నిలవనప్పుడు



ఇంగ్లండులో ఉద్యోగము చేసుకొనుచున్న ఒక తమ్ముడు మాకు ఉత్తరము వ్రాశాడు. అతడు 1970ల నాటి ఎం.జి.బి. స్పోర్ట్స్ కారు ఒకటి కొని, ఇంజను పూర్తిగా విప్పించి, సిలిండర్లు బోరు చేయించి, వేగము కొరకు వేరే రకము కామ్‌షాఫ్టు వేయించాడు. ఇంజను స్టార్టు అవుతుంది. యాక్సిలరేటరు మీద నుండి కాలు తీయగానే ఆగిపోతుంది. వారము రోజులుగా కార్బురేటరు స్క్రూలు తిప్పుచునే ఉన్నాడు. “మరల విప్పమంటారా? పెట్టిన సొమ్మంతా పోయినట్లేనా?” అని అడిగాడు.

తొందరపడి విప్పవద్దు. స్క్రూలు తిప్పుట కూడ ఆపవలెను. మా జవాబులో మొదటి మాట ఇదే.

స్పోర్ట్స్ కారు సంగతి మన పల్లెవారికెందుకు అని ఎవరును అనుకొననక్కరలేదు. ఎం.జి.బి. 1962 నుండి 1980 వరకు ఆబింగ్డన్ పట్టణములో తయారైంది. దాని 1798 సి.సి. ఇంజనుకు, మన పాత పెట్రోలు అంబాసిడరులోని 1489 సి.సి. ఇంజనుకు పుట్టిల్లు ఒక్కటే. రెండును బి.ఎం.సి. వారి ‘బి’ సిరీస్ ఇంజనులే. అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయినను, పాత బండిని ఇంటిముందు కాపాడుకొనుచున్నవారికి ఈ మాటలు పనికివస్తాయి.

ఇంజను వేగముగా తిరుగునప్పుడు గాలి ధారాళముగా లోపలికి పోతుంది. అప్పుడు చిన్న చిన్న లోపములు కప్పబడిపోతాయి. స్లోలో ఉన్నప్పుడు గాలి ద్వారము దాదాపు మూసుకొని ఉంటుంది, లోపలికి పోయే గాలి బహు కొద్ది. సూది బెజ్జమంత సందులో నుండి దూరిన గాలియైనను అప్పుడు మిశ్రమమును పలుచన చేసి ఇంజనును ఆపివేస్తుంది. గనుక స్లోలో నిలవని ఇంజను కార్బురేటరు మీదనే నేరము మోపుట లేదు. ఎక్కడ ఏ లోపమున్నను అది బయటపడే చోటు ఇదే. అందుచేత వరుసగా వెదకవలెను, కార్బురేటరును చివరకు ఉంచవలెను.

అన్నిటికంటె ముందు ఒక హెచ్చరిక. కొత్త కామ్‌షాఫ్టు, కొత్త టాపెట్లు వేసిన ఇటువంటి ఇంజనును మొదటిసారి స్లోలో నిలబెట్టుటకు ప్రయత్నించకూడదు. కామ్‌కు, టాపెట్టుకు మధ్య నూనె ఎక్కువగా క్రాంకు తిరిగి విసిరే తుంపరల వలననే అందుతుంది. స్లోలో ఆ తుంపరలు చాలవు. అందుకే మొదటి 20 నిమిషములు సుమారు 2000 ఆర్.పి.ఎం. వద్ద నడిపించమని చెప్తారు. ఇది చేయకుండ ఆగుతూ స్టార్టు చేస్తూ ఉన్నవారు, ఎనిమిది వాల్వులు ఒక్కొక్కటి ఎంత లేచుచున్నదో డయల్ గేజితో కొలిచి చూడవలెను. ఇన్లెట్లన్నియు సమముగా, ఎగ్జాస్టులన్నియు సమముగా లేవవలెను. ఒకటి తక్కువ లేచిన యెడల ఆ కామ్ అరిగినదని అర్థము. అప్పుడే విప్పే మాట. కొలత సరిగా ఉంటే విప్పవలసిన భయము చాలవరకు తీరినట్లే.

ఇక వాల్వు సందులు. కంపెనీ కామ్‌షాఫ్టుకు 15 థౌ, అనగా 0.015 అంగుళము. వేగపు కామ్‌షాఫ్టుకు దానితో వచ్చిన కార్డులోని కొలతే పెట్టవలెను. సందు మరీ బిగువైతే వాల్వు పూర్తిగా మూసుకొనదు, కంప్రెషన్ జారిపోతుంది, ఎగ్జాస్టు వాల్వు కాలిపోతుంది. హెడ్డు నట్లు రెండవసారి బిగించినప్పుడు సందులు మారుతాయి గనుక మరల చూడవలెను. పాత మెకానిక్కుల తొమ్మిది లెక్క ఇక్కడ సహాయపడుతుంది. 8వ వాల్వు పూర్తిగా తెరచుకొన్నప్పుడు 1వ వాల్వును సరిచేయాలి, 6వది తెరచుకొన్నప్పుడు 3వది. రెండు అంకెలు కలిపితే ఎప్పుడును తొమ్మిదే. అంబాసిడరుకు కూడ ఇదే లెక్క. పిమ్మట కంప్రెషన్ కొలవాలి. ఒక సిలిండరులోనే తక్కువగా ఉంటే అక్కడి వాల్వునో, రింగులనో అనుమానించాలి. నాలుగింటిలోను ఒకే విధముగా మరీ తక్కువైతే టైమింగ్ చైను చక్రముల మీది చుక్కలు ఒక పన్ను తప్పినవేమో చూడాలి.

తరువాత నిప్పు. ఫైరింగ్ ఆర్డరు 1-3-4-2. డిస్ట్రిబ్యూటరు రోటరు గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. వైర్లు తారుమారు కావడము ఇక్కడనే ఎక్కువ. పాయింట్ల సందు 15 థౌ. టైమింగు చెవితో కాక స్ట్రోబు లైటుతో పెట్టవలెను.

నాలుగవది ఎయిర్ లీకు. ఈ ఇంజనులో ఇన్లెట్ మానిఫోల్డు, ఎగ్జాస్టు మానిఫోల్డు పక్కపక్కనే ఉండి, కొన్ని స్టడ్డులను, పెద్ద వాషర్లను కలిసి పంచుకొంటాయి. ఒకదాని అంచు రెండవదానికంటె మందముగా ఉంటే వాషరు మందమైన దానినే నొక్కుతుంది, రెండవది వదులుగా మిగిలిపోతుంది. నట్టు బిగువుగానే ఉంటుంది, గాలి మాత్రము దూరుతూనే ఉంటుంది. కొత్త మానిఫోల్డు వేసినవారు అంచుల మందము తప్పక కొలవవలెను. బ్రేకు సర్వో గొట్టము, కార్బురేటరు గాస్కెట్లు, అరిగిన థ్రాటిల్ స్పిండిలు కూడ చూడాలి. పరీక్షకు సబ్బు నీళ్లు ఆ అతుకుల మీద కొద్దికొద్దిగా చిమ్మి, ఇంజను శబ్దము మారుచున్నదేమో వినవలెను. పెట్రోలు మాత్రము చిమ్మకూడదు! కార్బురేటర్ల క్రిందనే కాలుచున్న ఎగ్జాస్టు ఉన్నది.

ఇవన్నియు సరియైన పిమ్మటనే కార్బురేటర్లు. ఎం.జి.బి.కి ఎస్.యు. కార్బురేటర్లు రెండు. పిస్టనును పైకి లేపి వదిలితే ఆటంకము లేకుండ దిగి ‘టక్’మని కూర్చోవాలి. దాని గొట్టములో నూనె ఉండాలి. చెవికి ఒక రబ్బరు గొట్టము పెట్టుకొని రెండింటి ఈల ఒకే తీరుగా వచ్చువరకు గాలి సమము చేయాలి. ఆ తరువాత ఇంజను వేడిగా ఉన్నప్పుడు పిస్టనును సుమారు 0.8 మిల్లీమీటరు లేపి చూడాలి. వేగము పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ. ఇంజను ఆగబోతే తక్కువ. కొంచెము పెరిగి వెంటనే మామూలైతే సరిగా ఉన్నట్లు.

చివరిగా ఒక సంగతి. వేగపు కామ్‌షాఫ్టులో ఇన్లెట్, ఎగ్జాస్టు వాల్వులు రెండును ఒకేసారి తెరచియుండే సమయము ఎక్కువ. స్లోలో కాలిన పొగ కొంత వెనుకకు వచ్చి కొత్త మిశ్రమములో కలుస్తుంది. కనుక కంపెనీ ఇంజనువలె 800 వద్ద నిశ్శబ్దముగా నిలుచునని ఆశించరాదు. 1000 వద్దనో, కొంచెము పైననో, కాస్త కుదుపుతో నిలిస్తే అది రోగము కాదు, దాని స్వభావము. పై వేగము కోరి అటువంటి కామ్‌షాఫ్టు వేయించుకొన్నవారు క్రింద ఈ కుదుపును ఒప్పుకొనక తప్పదు.

ప్రతి కొలతను ఒక నోటు పుస్తకములో తేదీతో వ్రాసుకొనండి. ఒకసారికి ఒక్కటి మాత్రమే మార్చండి. ఫలితము లేకపోతే దానిని పాత స్థానములోనే పెట్టి ముందుకు వెళ్లండి. రెండు మూడు కలిపి మార్చినవానికి ఇంజను బాగుపడినను ఎందుకు బాగుపడినదో తెలియదు, మరల చెడినప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో అంతకంటె తెలియదు.