విత్తనం మీద పేరు రాయం కదా, మరి సీడీ మీద ఎందుకు?

పై వీడియోలో జీవామృతం గురించి కాదు, పాత సీడీల గురించి మాట్లాడాను. "అన్నీ ఫోన్లోనే ఉంటే ఇదెందుకండీ?" అనొచ్చు. శిక్షణ శిబిరాలకి తిరిగిన మనలో చాలామంది ఇళ్లలో, బీరువాలోనో అటక మీదో ఇంకా సీడీలు, డీవీడీలు ఉన్నాయి.

నేను పోగొట్టుకున్నది చెప్తాను. మా ఊరి పెద్దాయన ఒకరు నవార, బహురూపి లాంటి దేశీ వరి విత్తనం ఎలా ఎంచాలో, ఎలా దాచాలో గంటసేపు చెప్తే సీడీలోకి ఎక్కించుకున్నా. అందంగా ఉంటుందని పైన కాగితం స్టిక్కర్ అంటించా. కొన్నేళ్లకి అంచు లేచింది. పీకితే దాంతోపాటు వెండి పొర కూడా ఊడొచ్చింది. ఆ పెద్దాయన ఇప్పుడు లేరు.

మనం మెరిసే వైపే జాగ్రత్తగా చూసుకుంటాం. నిజానికి సీడీలో సున్నితమైంది పేరు రాసే వైపే. కింద 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ కాపలా ఉంటుంది. పైన వెండి పొరకి ఉన్నది వార్నిష్ లాంటి పల్చటి పూత మాత్రమే. బాల్ పెన్ను నొక్కితే గీత లోపలికి దిగుతుంది. ఘాటు వాసన వచ్చే మార్కర్లలోని రసాయనం ఆ పూతని దెబ్బతీయొచ్చు. డీవీడీలో సమాచారం రెండు ప్లాస్టిక్ పొరల మధ్య ఉంటుంది, కొంత నయం. అయినా స్టిక్కర్ దానికీ వద్దు. బరువు ఒక పక్కకి తూగితే తిరిగేటప్పుడు ఊగుతుంది. అమెరికాలో ఎన్ఐఎస్‌టీ అనే ప్రభుత్వ సంస్థ 2003లో తెచ్చిన మార్గదర్శిని కూడా స్టిక్కర్లు వద్దనే చెప్పింది.

మరి ఏం చేయాలి? మనం విత్తనం మీద పేరు రాయం, కుండ మీద రాస్తాం. ఇదీ అంతే. శిబిరం ఊరు, తేదీ, విషయం అన్నీ డబ్బా మీద రాయండి. సీడీ మీద ఒక్క నంబరు చాలు. అది కూడా నడిమి రంధ్రం చుట్టూ ఉండే పారదర్శకమైన చోట, నీటి సిరా ఉన్న మెత్తటి మొన మార్కర్‌తో. డబ్బాలో పెట్టి నిలబెట్టి ఉంచండి. ఎండ, చెమ్మ తగలనీయకండి.

ఇప్పటికే స్టిక్కర్ అంటించి ఉంటే మాత్రం పీకొద్దు. ఆడుతున్నప్పుడే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. మొలక శక్తి ఉన్నప్పుడే కదా విత్తనం తిరగేసుకుంటాం!