క్యాజువాలిటీలో నిజం దాచకండి

పురుగుమందు తాగిన మనిషిని ఆటోలో వేసుకొస్తారు. ఏం తాగాడని డాక్టరు అడిగితే ఇంటివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ‘పొద్దున్నించీ వాంతులండీ’ అంటారు. పోలీసు కేసవుతుందని భయం, ఊళ్లో పరువు పోతుందని భయం. దయచేసి ఆ పని చేయకండి. ఆర్గానోఫాస్ఫరస్ మందులకు అట్రోపిన్ ఇంజెక్షన్ ఉంది. గడ్డిమందు పారాక్వాట్‌కు విరుగుడే లేదు, అది తాగినవాళ్లకు ఆక్సిజన్ సైతం ఆచితూచి పెట్టాలి. ఒకదానికి చేసే వైద్యం ఇంకోదానికి పనికిరాదు. డబ్బానో, లేబులో, ఏది దొరికితే అది వెంట తీసుకెళ్లండి.

మెడికో లీగల్ కేసుగా రాస్తారు, పోలీసులకు కబురు వెళ్తుంది, నిజమే. కానీ వేరుగా రుజువైతే తప్ప, ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలని, వారిని విచారించి శిక్షించకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. భయపడాల్సింది పోలీసులకు కాదు, గడిచిపోతున్న నిమిషాలకు.

మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయినవాళ్ల విషయంలోనూ అంతే. ‘ఎప్పటినుంచి?’ అన్న ప్రశ్న మీదే వైద్యమంతా ఆధారపడి ఉంటుంది. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. పసరు పోయించామనో, ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించామనో చెప్పడానికి మొహమాటపడి వేళ తప్పు చెప్పకండి. పక్షవాతం నిద్రలో వచ్చి ఉంటే, మనిషి చివరిసారి మామూలుగా కనిపించింది ఎన్నింటికో చెప్పండి. మింగగలరో లేదో డాక్టరు చూసేదాకా నీళ్లు కూడా తాగించవద్దు.

క్యాజువాలిటీలో ఓపీ చీటీల వరస నడవదు. నాడి, బీపీ, ఊపిరి చూసి ఎవరి ప్రాణం ముందు ప్రమాదంలో ఉందో వాళ్లనే లోపలికి తీసుకెళ్తారు. మీ తర్వాత వచ్చినవాళ్లను ముందు చూశారని నర్సు మీదికి వెళ్తే ఆ గదిలో ఉన్న అందరికీ వైద్యం ఆగుతుంది. అలాగని నోరు మూసుకుని కూర్చోమని కాదు. ఎదురుచూస్తుండగా చెమటలు పట్టినా, మాట తడబడినా, మగత కమ్మినా వెంటనే మళ్లీ చెప్పండి. గుండెలో నొప్పి అంటే ఆసుపత్రికి వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది వైద్యులే పెట్టుకున్న నియమం. మీకు తీయకపోతే అడగండి, అది గ్యాస్ నొప్పేనని మీకు మీరే సర్దిచెప్పుకోకండి.

ఇక డిపాజిట్ మాట. ముందు డబ్బు కట్టండి, లేదా పోలీసులు రావాలి అని ప్రాణాపాయంలో ఉన్న మనిషిని గుమ్మంలో ఆపే హక్కు ఏ ఆసుపత్రికీ లేదు. సర్కారుదైనా ప్రైవేటుదైనా సరే, ముందు ప్రాణం కాపాడటమే డాక్టరు బాధ్యతని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆ తీర్పు పేరు చెప్పి నిలదీయండి.

రోజూ వేసుకునే మాత్రల చీటీ, పాత రిపోర్టులు, పడని మందుల పేర్లు ఒక సంచిలో వేసి ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఈ రాత్రే పెట్టండి. ఆపద వస్తే ముందు 108కి ఫోన్ చేయండి.