అచ్చుతప్పు

తెలుగు టైపింగు నేనెక్కడా నేర్చుకోలేదు. రెండు వేళ్ళతో మొదలుపెట్టి, ఏళ్ళ తరబడి కష్టపడి నాలుగు వేళ్ళదాకా వచ్చాను. నా రాతల్లో అచ్చుతప్పులు ఏరిపెట్టే మాస్టారికి ఈ సంగతి బాగా తెలుసు. ఈ వారం కబురు కూడా ఒక అచ్చుతప్పు గురించే. కాకపోతే అది నేను చేసింది కాదు.

రువీలో మా వీధిలోనే ఉంటారు వాళ్ళు. అతనిది అమలాపురం దగ్గర పల్లె. భార్య అతనికి స్వయానా మేనత్త కూతురు. పాపకి మూడో ఏడు. పుట్టిన మూడో వారంలోనే ఫిట్స్ మొదలయ్యాయి. ఇప్పటికీ సాయం లేకుండా కూర్చోలేదు, మాట రాలేదు. ఈమధ్య డాక్టరు ముగ్గురి రక్తమూ తీసి జన్యుపరీక్షకి పంపారు. పోయిన శుక్రవారం ఆ రిపోర్టు పట్టుకుని మా ఇంటికొచ్చారు. డాక్టరు అంతా చెప్పారట గానీ, గాభరాలో సగమే బుర్రకెక్కిందట. "ఇంజనీరింగ్ చదివావుగా, కాస్త చూసి చెప్పు" అన్నాడతను. నా ఇంజనీరింగుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. అయినా చదవడం మొదలుపెట్టాను.

ఆ అమ్మాయి ఒకటే అడిగింది. "అన్నయ్యా, ఇది మా మేనరికం వల్లేనా?"

ఆ ప్రశ్న ఆమెది కాదు. మూడేళ్ళుగా వీడియో కాల్‌లో ఊరినుంచి వస్తున్నది. ఒకరు మేనరికం అంటారు. ఇంకొకరు గ్రహణం రోజు బయట తిరిగిందంటారు. అత్తగారైతే "మా వైపు ఎవరికీ లేదమ్మా" అని ఊరుకుంటుంది. ఆ మాటకి అర్థం వేరే చెప్పక్కర్లేదు.

రిపోర్టులో ఉన్న పేరు ఎస్‌టీఎక్స్‌బీపీ1. తొమ్మిదో క్రోమోజోము మీదుండే జన్యువు. అదేం చేస్తుందో తెలియాలంటే మెదడులో ఒక కణం ఇంకో కణంతో ఎలా మాట్లాడుతుందో చూడాలి. నరంకణం కొసన చిన్నచిన్న సంచులుంటాయి. ఒక్కోటీ 40 నానోమీటర్లు. వాటినిండా రసాయనం. కబురు రాగానే సంచి వెళ్ళి కణం గోడకి అతుక్కుని, గోడతో కలిసిపోయి, రసాయనాన్ని బయటికి వదలాలి. ఇదంతా సెకనులో వెయ్యోవంతులోపే అయిపోవాలి.

అలా అతికించేవి మూడు ప్రోటీన్లు. సంచి మీద సినాప్టోబ్రెవిన్, గోడ వైపు సింటాక్సిన్, స్నాప్-25. ఈ మూడూ మూడుపాయల జడలా పెనవేసుకుంటే ఆ బిగువుకి సంచి గోడకి హత్తుకుపోతుంది. పని అయ్యాక ఆ జడని విప్పడానికి ఏటీపీ ఖర్చవుతుంది. 1929లో ఫిస్క్‌తో కలిసి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తించిన ఏటీపీయే అది. ఈ సంచుల రాకపోకల గుట్టు విప్పినందుకే రాత్‌మన్, షెక్‌మన్, సుధోఫ్‌లకి 2013లో నోబెల్ వచ్చింది.

ఆ జడలో ఒక్క పాయ తెగితే ఏమవుతుందో మన పెద్దవాళ్ళకి తెలుసు, పేరే వేరు. ధనుర్వాతం. తుప్పుమేకు గుచ్చుకున్న చోట పుట్టే విషం వెన్నుపాములోకి వెళ్ళి సినాప్టోబ్రెవిన్‌ని కోస్తుంది. కండరాలకి "ఇక చాలు" అని చెప్పే సంచులు ఆగిపోతాయి. ఒళ్ళు విల్లులా వంగిపోతుంది. ఒకప్పుడు దాన్ని గాలి అనీ ధూళి అనీ అన్నవాళ్ళున్నారు. ఇప్పుడు గర్భిణులకి టీకా వేస్తున్నాం, ఎవరినీ నిందించడం లేదు.

పాప విషయంలో తేడా వచ్చింది పాయలో కాదు, జడ అల్లే చేతిలో. ఎస్‌టీఎక్స్‌బీపీ1 తయారుచేసే మంక్18-1 అనే ప్రోటీనే ఆ చెయ్యి. 2000లో వెర్హాగె, సుధోఫ్ బృందాలు అది బొత్తిగా లేని ఎలుకపిల్లల్ని పుట్టించి చూశాయి. మెదడు మామూలుగానే తయారైంది, కానీ ఒక్క సంచీ విడుదల కాలేదు. పిల్లలు పుట్టగానే చనిపోయాయి. పాపకి అంత కాదు. ఈ జన్యువు ప్రతులు రెండుంటాయి, ఆమెకి ఒకటి బాగానే ఉంది. సగం ప్రోటీనుతో మెదడు నెట్టుకొస్తోంది, అది చాలడం లేదు. ఇలాంటి పిల్లల సంగతి 2008లో జపాన్ పరిశోధకులు మొదట బయటపెట్టారు.

మేనరికం వల్ల వచ్చే జబ్బులు ఉన్నాయి. అమ్మలో ఒక చెడ్డ ప్రతి, నాన్నలో అదే చెడ్డ ప్రతి ఉండి, రెండూ బిడ్డలో కలిసినప్పుడు వస్తాయవి. ఒమానీల్లోనూ దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళు ఎక్కువే, అందుకే ఇక్కడి డాక్టర్లు ముందు అదే అడుగుతారు. కానీ ఈ రిపోర్టులో తల్లి రక్తంలో తప్పు లేదు. తండ్రి రక్తంలోనూ లేదు. పాపలోనే కొత్తగా వచ్చింది.

"అంటే?" అందామె.

"నేను పుస్తకం చూసి టైపు చేస్తాను. పుస్తకంలో సరిగ్గానే ఉంటుంది, నా వేలు జారుతుంది. 300 కోట్ల అక్షరాలు ఎత్తిరాసేటప్పుడు ప్రతి బిడ్డలోనూ కొన్ని పదుల చోట్ల అలా జారుతుంది. నీలో ఉన్నాయి, నాలో ఉన్నాయి. చాలావాటితో ఏమీ కాదు. పాపకి జారకూడని చోట జారింది. పుస్తకం తప్పు కాదమ్మా."

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఇంకో బిడ్డని కంటే ఏమిటని అతనడిగాడు. మళ్ళీ వచ్చే అవకాశం తక్కువేగానీ సున్నా కాదని, ఒక్కోసారి రక్తంలో కనబడనిది అండంలోనో వీర్యంలోనో దాగి ఉండవచ్చని, అది జన్యు సలహాదారుతోనే మాట్లాడమని చెప్పాను. జబ్బుని పూర్తిగా మాన్పే మందు ఇప్పటికి లేదు. ఫిట్స్‌కి మందులు, ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ, అంతే. పాప తాగే లెవెటిరాసిటమ్ సిరప్ అతుక్కునేది కూడా ఆ సంచుల మీదుండే ఒక ప్రోటీనుకేనని 2004లో తేలింది.

వెళ్ళేముందు అతను ఫోను నా చేతిలో పెట్టాడు. "మా ఇంటి గ్రూపులో తెలుగులో రాసిపెట్టు. నేను చెప్తే గొడవవుతుంది."

నాలుగు ముక్కలు రాశాను. "పాప జబ్బేమిటో తెలిసింది. ఇది మేనరికం వల్ల రాలేదు. గ్రహణం వల్ల రాలేదు. అమ్మ వైపునుంచీ కాదు, నాన్న వైపునుంచీ కాదు. పాప ప్రాణం పోసుకునేటప్పుడే కొత్తగా వచ్చింది." అచ్చుతప్పుల కోసం రెండుసార్లు చూసుకుని పంపాను.

ఆ రాత్రి అత్తగారి జవాబు వచ్చిందని మర్నాడు చెప్పింది ఆ అమ్మాయి. క్షమాపణా లేదు, కన్నీళ్ళూ లేవు. "పాపకి రాత్రి మందు వేశావా తల్లీ?" అని అడిగిందట. మూడేళ్ళలో ఆవిడ కోడల్ని తల్లీ అనడం అదే మొదలట.