కుక్కర్ గ్యాస్కెట్ పోతే కుక్కర్ పారేస్తామా?

"పాతదైపోయింది, కొత్తది తీసుకోండి." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

మా ఇంట్లో డెస్క్‌టాప్ 2013లో కొన్నది. పిల్లల ప్రాజెక్టులు, మావారి లెక్కలు, నా రాతలు అన్నీ అందులోనే. ఈమధ్య బ్రౌజర్ తెరిస్తే, నేను టీ పెట్టుకుని వచ్చేదాకా కదలడం లేదు. దగ్గర్లోని షాపుకి తీసుకెళ్తే అతను మూత కూడా విప్పకుండా తేల్చేశాడు. "ఇది డబ్బా ఆంటీ, కొత్తది 38 వేలు." ఏం పోయిందని అడిగితే, "అవన్నీ మీకు అర్థం కావులెండి" అన్నాడు. పక్కనే ఉన్న మావారూ తలూపారు. అది మా పాప కాలేజీ ఫీజు కట్టాల్సిన నెల.

నాకు అర్థం కానిదేమిటో చూద్దామని ఇంటికొచ్చి కూర్చున్నాను. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ దగ్గర చూస్తే మెమరీ 93 శాతం నిండి ఉంది. మొత్తం ఉన్నదే 4 జీబీ. రెండు స్లాట్లలో ఒకటే వాడుతున్నట్టు కూడా అక్కడే రాసి ఉంది. అంటే ఇంకోటి ఖాళీ!

ర్యామ్ అంటే వంటగట్టు, హార్డ్ డిస్క్ అంటే స్టోర్ రూమ్ అనుకోండి. గట్టు చిన్నదైతే ఒక గిన్నె పెట్టడానికి ఇంకోటి స్టోర్ రూమ్‌లో పెట్టి రావాలి. వంట కన్నా తిరుగుడే ఎక్కువ. మా కంప్యూటర్ చేస్తున్నదీ అదే. దానికి ముసలితనం రాలేదు, గట్టు చాలడం లేదు.

పాత ర్యామ్‌ను తీసి కాగితంలో చుట్టుకుని పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాను. మాది డీడీఆర్3. డీడీఆర్4 దీనిలో పట్టదు, గాడి వేరేచోట ఉంటుంది. అందుకే పాతది చేతిలో ఉండాలి. అలాంటిదే ఇంకో 4 జీబీ, సెకండ్ హ్యాండ్‌ది, 900 రూపాయలకి దొరికింది.

ఇంట్లో స్విచ్ ఆపి, వైరు పీకి, క్యాబినెట్ ఇనుముని ఒకసారి ముట్టుకుని, గాడి చూసుకుని రెండూ నొక్కాను. మొదటిసారి తెర వెలగలేదు, బీప్ బీప్ అని అరిచింది. మావారు "చెప్పానా" అన్నట్టు చూశారు. పాప రబ్బరు తీసుకుని ర్యామ్‌ల అంచున బంగారు రంగు గీతల్ని తుడిచి, మళ్లీ క్లిప్ టక్కుమనేదాకా నొక్కాను. వెలిగింది. ఇప్పుడు టీ సంగతి వేరే చూసుకోవాలి.

ప్రతి పాత కంప్యూటరూ ఇలా లేచి కూర్చుంటుందని నేను చెప్పను. మెమరీ నిండకుండానే నెమ్మదిగా ఉంటే తప్పు హార్డ్ డిస్క్‌ది కావచ్చు. 32 బిట్ విండోస్ ఉంటే 4 జీబీకి మించి పెట్టినా దండగ. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి, విండోస్ 11 మా ప్రాసెసర్‌ని ఒప్పుకోదు. అందుకే మా అబ్బాయి ఫోన్లో చెబుతుంటే ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసుకున్నాను. తెలుగు చక్కగా టైపవుతోంది.

నా గొడవ షాపతను కొత్తది అమ్మబోయినందుకు కాదు, అమ్మడం అతని పని. చూడకుండా తీర్పు చెప్పినందుకు. గ్యాస్కెట్ పోతే కుక్కర్ పారేయం, కండెన్సర్ పోతే ఫ్యాన్ పారేయం. మిక్సీ బ్లేడు మార్పించి పదేళ్లు వాడతాం. ఇల్లు నడిపే ఆడవాళ్లకి బాగుచేయించడం కన్నా బాగా తెలిసిన విద్య ఏముంది? కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ తెలివిని గుమ్మం బయట వదిలేయమంటారు. కేంద్ర ప్రభుత్వమే 2022 డిసెంబరులో 'రైట్ టు రిపేర్' పోర్టల్ పెట్టింది. మనమేమో మన ఇంట్లో వస్తువు మూత విప్పడానికి ఇంకా ఒకరి అనుమతి కోసం చూస్తున్నాం.

ఇకనుంచి ఎవరైనా "పాతది" అంటే, "ఏ భాగం?" అని అడగండి. జవాబు రాకపోతే ఆ డబ్బు పర్సులోనే ఉంచండి. మా 37,100 రూపాయలు పాప ఫీజులోకి వెళ్లాయి.