తాఖీదు లేని తీర్పు

2022వ సంవత్సరము ఏప్రిల్ మాసమున భారత సర్వోన్నత న్యాయస్థానము తెలంగాణ ప్రభుత్వమునకొక యాజ్ఞ చేసినది. అంతకు పూర్వము రద్దు చేయబడిన సుమారు 19 లక్షల రేషను కార్డులను గూర్చి క్షేత్రమునకు బోయి తిరిగి విచారింపవలసినదని దాని సారాంశము. కార్డు పోవుచున్నదని యా కుటుంబములకు ముందుగా తాఖీదు రాలేదు. సంచి పట్టుకొని చౌకధరల దుకాణమునకు బోయిన దినముననే, కార్డు చెల్లదని దుకాణదారు చెప్పగా వారికి దెలిసినది. ఎందుకు చెల్లదని యడిగిన కంప్యూటరు తీసివేసినదని ప్రత్యుత్తరము. అంతకుమించి దుకాణదారునకును దెలియదు, కచేరీలోని గుమాస్తాకును దెలియదు.

ఈ తీసివేతకు సాధనమైనది సమగ్ర వేదిక యను నేర్పాటు. వాహనములు, ఆస్తులు మున్నగు వానిని గూర్చి పలుశాఖలయందున్న పట్టికలను ఒకచోట జేర్చి, పేరును చిరునామాను పోల్చి, ఈ పట్టికలోని మనుష్యుడును ఆ పట్టికలోని మనుష్యుడును ఒక్కడేయని యిది యూహించును. తెలుగునాట పేరుల సంగతి నెఱిగినవారికి ఇందలి ప్రమాదమును విప్పి చెప్పనక్కఱలేదు. ఒక్క గ్రామమున వేంకటేశ్వర్లులెందఱు, లక్ష్మమ్మలెందఱు! ఇంటిపేరు ఒక కాగితమున ముందుండును, వేఱొక కాగితమున వెనుకనుండును, మూడవదానిలో పొడియక్షరమై పోవును. ఉరుదూ పేరులను ఇంగ్లీషున ఎన్ని తీరుల వ్రాయుదురో వ్రాయువారికే తెలియదు. హైదరాబాదులో రిక్షా త్రొక్కి జీవించిన యొక నిరుపేదకు కారు కలదని యీ యంత్రము నిర్ణయించినది. కారు కలవాడు పేరు పోలిన వేఱొకడు. బియ్యము మాత్రము రిక్షావాని కుటుంబమునకు నిలిచిపోయినది. తమకు కారు లేదని వారు నిరూపించుకొనవలసి వచ్చినది. లేనిదానిని లేదని చెప్పు దస్తావేజు ఏ కచేరీలో దొరకును?

ప్రభుత్వపక్షమున చెప్పదగిన మాట లేకపోలేదు. దొంగకార్డులున్నవి. వానిపై బియ్యము తరలించి మిల్లులకమ్ముకొను పెద్దమనుష్యులును ఉన్నారు. వారిని పట్టుకొనుటకు యంత్రసహాయము గొన్నచో మాకు కించిత్తును అభ్యంతరము లేదు. యంత్రము అనుమానింపవచ్చును, అనుమానమునే తీర్పుగా అమలుజరుపుట మేము సహింపజాలనిది. పక్షమును వినక తీర్పు చెప్పరాదనుట మున్సబు కోర్టులో తొలినాడు నిలుచున్న వకీలుకును దెలిసిన ధర్మము. జీవితస్వాతంత్ర్యములను హరించు పద్ధతి న్యాయమైన పద్ధతి కావలెనని 1978లో మేనకా గాంధీ వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము చెప్పినది. బొంబాయి కాలిబాటలపై గుడిసెలు వేసికొన్నవారి విషయమున, జీవించు హక్కులో జీవనోపాధియు నిమిడియున్నదని 1985లో నిర్ణయించినది. కాలిబాటపై వానికి కల యీ రక్షణ, 2013 నాటి ఆహార భద్రతా చట్టముచే బియ్యము హక్కుగా బొందినవానికి లేకుండునా? ఆ బియ్యము దొరలు విదల్చిన తిరిపెము కాదు.

జాబితాలో పేరెక్కుటయే నేరనిర్ణయమగుట మనకు క్రొత్తయునుం గాదు. 1871లో పుట్టి, 1911లో మద్రాసు రాజధానికిని వ్యాపించిన నేరస్థజాతుల చట్టమును పెద్దలు మఱచి యుండరు. ఒక కులమును సర్కారు ప్రకటనలో చేర్చిన చాలును; ఆ ప్రకటన తప్పని ఏ న్యాయస్థానమును పలుకరాదని చట్టమే నోరు గట్టినది. బాపట్ల చేరువనున్న స్టూవర్టుపురము ఆ కాలపు టేర్పాటే. దొర పేరు నేటికిని దానికి నిలిచియున్నది. 1952లో ఆ చట్టము రద్దయినది. అప్పటి జాబితాకు వ్రాసిన అధికారి యొకడైనను ఉండెను. ఇప్పటి జాబితాకు అధికారియు లేడు. ఎవరినడిగినను యంత్రమువంక వ్రేలు చూపుదురు.

ఇది మన దేశమునకే పట్టిన జాడ్యము కాదు. హాలండు దేశమున పేదపేటలవారి వివరములను గుప్తముగా పోల్చి మోసగాండ్రను పసిగట్టుటకు ఏర్పఱచిన పద్ధతిని హేగు నగర న్యాయస్థానము 2020 ఫిబ్రవరిలో మానవహక్కుల కారణముగా కొట్టివేసినది. అచ్చటనే శిశుపోషణ భత్యము గొన్న వేలకొలది తలిదండ్రులను అన్యాయముగా మోసగాండ్రనిన పాపమునకు 2021 జనవరిలో మంత్రివర్గమే రాజీనామా నిచ్చినది. ఇచ్చట నొక్క గుమాస్తాయైనను సంజాయిషీ చెప్పుకొన్నట్లు మేము వినలేదు.

గోప్యత మూలహక్కని 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. దాని వెనుక 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును, 2025 నవంబరులో దాని నియమములును వచ్చినవి. అందు సమాచారమును దిద్దుమని కోరు హక్కు కలదు. కాని యంత్రము చేసిన నిర్ణయమును మనుష్యునిచే విచారింపజేయుమని కోరు హక్కు, ఐరోపావారి చట్టమున 2018 నుండి యమలులో నున్నట్టిది, మన చట్టమున వెదకినను గానరాదు. పైగా ప్రభుత్వసంస్థలకు మినహాయింపు నిచ్చుకొను అధికారము ప్రభుత్వము చేతనే యుంచబడినది.

ఈ విషయమున మా తప్పును ఒప్పుకొనవలెను. గోప్యతను గూర్చి మేమును, మావంటి చదువుకొన్నవారును పట్టణములలో సభలు జేసితిమి, తీర్మానములు వ్రాసితిమి. టెలిఫోను సంభాషణలను ఎవరు వినుచున్నారో యన్న చింత మాకు మిక్కుటము. పట్టికలో పేరు కలిసినందున అన్నము పోయినవారిని మేము డిజిటల్ హక్కుల లెక్కలో జేర్చలేదు. వారు దుకాణము ముందు మొఱపెట్టినప్పుడు అది పౌరసరఫరాల సంగతియని పోయితిమి.

పునర్విచారణకు 5 లక్షలకు లోపుగా దరఖాస్తులు వచ్చినవి. అందు 2 లక్షలు పరిశీలించునప్పటికే నూటికి 7కు పైగా అర్హులను తప్పుగా తొలగించినట్లు తేలినది. తక్కిన పదునాలుగు లక్షలవారు అనర్హులై ఊరకుండిరా, సంగతి తెలియక ఊరకుండిరా? రద్దయిన కార్డుల పేరులను, ఏ శాఖ పట్టికను బట్టి ఏ కారణమున రద్దయినదో ఆ కారణముతో గూడ, కోరిన కుటుంబమునకు తెలుగుననో ఉరుదూననో వ్రాసి యీయవలెను. ఇకముందు అధికారి సంతకముతో తాఖీదు పోక, ఇంటివారి మాట వినక, ఏ కార్డును దీయరాదు. విచారణ ముగియు వఱకు బియ్యము నిలుపరాదు. ఇందుకు క్రొత్త చట్టమేమియు అక్కఱలేదు; పౌరసరఫరాల శాఖ యొక ఉత్తరువు నీయవచ్చును. ఆ యుత్తరువును రేపటి గ్రామసభలలోనే చదివింపవలెనని మేము కోరుచున్నాము.