పైరవీతో పారని నీళ్లు

"అసెంబ్లీలో మాట్లాడితే ఏమొస్తది? మంత్రి చుట్టూ తిరిగి నాలుగు పనులు శాంక్షన్ చేయించుకొచ్చినోడే ఎమ్మెల్యే." నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా హోటల్ కాడ వినపడే మాట ఇదే. ఎమ్మెల్యేలూ దీన్నే నమ్ముతారు. సమావేశాలు దగ్గర పడగానే సీసీ రోడ్ల, కమ్యూనిటీ హాళ్ల వినతిపత్రాలు సిద్ధం చేసుకుంటారు. ఈ నమ్మకం తప్పు. ఈ రెండు ఉమ్మడి జిల్లాల చేలు ఎండిపోవడంలో దానికీ వాటా ఉంది.

వినతిపత్రం చేతిలో పెడితే మంత్రి మూలకు ఓ సంతకం చేసి పీఏకు ఇస్తారు. ఫొటో దిగుతారు. అక్కడికి దాని కథ అయిపోతుంది. నక్షత్ర గుర్తు ప్రశ్న అట్లా కాదు. మంత్రి సభలో నిలబడి జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలకూ చెప్పాలి. ఆ మాట రికార్డుకెక్కుతుంది. 'చేస్తాం' అంటే హామీల కమిటీ వెంటపడొచ్చు. కావాలని అబద్ధం చెబితే సభాహక్కుల నోటీసు ఇవ్వొచ్చు. పద్దుల మీద కోత తీర్మానం పెట్టి ప్రాజెక్టుల వారీగా లెక్క అడగొచ్చు.

పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. నార్లాపూర్‌లో మొదటి పంపు తిరిగింది 2023 సెప్టెంబరులో. పంపు తిరిగింది సరే, పొలాలకు నీళ్లు తెచ్చే కాలువలేవి? నల్లగొండకు నీళ్లివ్వాల్సిన శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం 2005 నాటి పని. దాదాపు 44 కిలోమీటర్లలో తొమ్మిదికి పైగా మిగిలి ఉండగానే 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలింది. ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. వారాల తరబడి గాలిస్తే ఇద్దరి మృతదేహాలే దొరికాయి. ఆ ఇరవై ఏళ్లలో ఈ జిల్లాల నుంచి ఎంతమంది మంత్రులయ్యారో గుర్తు చేసుకోండి. ఇప్పుడు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పాలమూరు మనిషి. నీటిపారుదల మంత్రి ఉత్తమ్ కుమార్ రెడ్డి హుజూర్‌నగర్ నుంచి గెలిచినవారు. పలుకుబడితో నీళ్లు వచ్చేవైతే ఎప్పుడో రావాలి.

నీళ్ల కోసం జనం తామే అడిగి చూడకపోలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానంలో 480 మంది పోటీకి దిగారు. ఫ్లోరైడ్ నీళ్లతో జనం ఎముకలు వంకర్లు పోతున్నాయని లోకానికి చెప్పడానికి జలసాధన సమితి పట్టిన పట్టు అది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. అదే ఏడాది చట్టం మార్చి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. పేదవాడు నామినేషన్ వేసి అడిగే దారి ఇరుకైపోయింది. ఇక అడగాల్సింది సభలో కుర్చీ ఉన్నవాడే. ఆ కుర్చీ వదిలేసి సెక్రటేరియట్ వరండాల్లో తిరిగేవాణ్ని పనిమంతుడంటే నేను ఒప్పుకోను.

'మైకు ఇవ్వరు, సభ నాలుగు రోజుల్లో ముగిస్తారు' అని ఎమ్మెల్యేలు వాపోతారు. అది నిజమే. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు మించరాదని రాజ్యాంగం 174వ అధికరణం చెబుతుందే తప్ప, ఎన్ని రోజులు నడపాలో చెప్పదు. కాబట్టి రోజులు పెంచమని పట్టుబట్టడం సభ్యుడి మొదటి పని కావాలి. అధికార పక్ష సభ్యులకు ఈ బాధ్యత మరీ ఎక్కువ. మనవాళ్లే కదా అని వాళ్లు నోరు మూసుకుంటే అధికారులకు అంతకన్నా ఏం కావాలి?

అడగాల్సినవి ఇవీ: పాలమూరు-రంగారెడ్డి పథకంలోని ఉదండాపూర్ రిజర్వాయరు కింద ఊళ్లు కోల్పోతున్నవాళ్లలో ఎందరికి పునరావాస ప్యాకేజీ పూర్తిగా అందింది? మిగిలినవాళ్లకు ఏ తేదీలోగా ఇస్తారు? మర్రిగూడ మండలంలో డిండి ఎత్తిపోతలకు భూములిచ్చినవాళ్ల సంగతేమిటి? పార్టీ ఏదైనా, రెండు ఉమ్మడి జిల్లాల సభ్యులంతా ఈ ప్రశ్నలకు నోటీసు ఇవ్వాలి. మంత్రి నోట తేదీ వచ్చేదాకా అనుబంధ ప్రశ్నలు ఆపొద్దు.